ప్రక్క సందు ఖాళీ స్థలం కాదు
(పాత ఇంటికి ప్రక్కన గది కలుపుకొనదలచిన గృహస్థులకు కొన్ని సూచనలు)

గోదావరి తీర క్షేత్రాలను దర్శించుకొనే యాత్రికులు రాజమహేంద్రవరం పాత వీధులలోను, కోనసీమ అగ్రహారాలలోను, పాలకొల్లు, నరసాపురం ప్రాంతాలలోను ఒకదానినొకటి ఆనుకొని వరుసగా నిలిచిన పెంకుటిళ్లను చూచే ఉంటారు. వీధి వైపు అరుగు, దానిని దాటితే సావిడి, నడుమ ఆకాశానికి తెరచిన మండువా, దాని చుట్టూ గదులు, వెనుక వంటిల్లు, పెరడు, నుయ్యి. ఇది ఆ ఇళ్ల సామాన్య స్వరూపం. పలు ఇళ్లకు ఒక ప్రక్క పొరుగింటితో ఉమ్మడి గోడ ఉంటే, రెండవ ప్రక్క పెరటికి దారితీసే సందు ఉంటుంది.

ఈ ఇళ్లలో నివసించే కుటుంబాల ముందు నేడు ఒక ప్రశ్న నిలిచి ఉన్నది. ఇంట పెద్దలకు వయసు మీరింది. స్నానాల గది పెరటి చివర ఉన్నది. వానాకాలంలో, రాత్రివేళ అంత దూరం నడవడం వారికి ప్రమాదకరం. గడపలు ఎత్తుగా ఉన్నాయి. పిల్లలు దూరదేశాల నుండి వస్తే పడకకు చోటు చాలదు. ఇల్లు అమ్మివేయడమా, పడగొట్టి కొత్తది కట్టడమా, లేక ఉన్నదానికి ఒక గది కలపడమా? మూడవ మార్గం తరచుగా తక్కువ ఖర్చుతో కూడినది. పూర్వులు కట్టిన ఇంటిని నిలుపుకొనే మార్గం కూడా అదే. అందుకు అందరి చూపూ ముందుగా ప్రక్క సందు మీదనే పడుతుంది. "ఎలాగూ ఖాళీగానే ఉన్నది కదా" అని మేస్త్రీని పిలిచి పని మొదలుపెట్టే వారెందరో ఉన్నారు.

కాని ఆ సందు ఖాళీగా లేదు. పాత ఇంటికి వెలుతురు, గాలి ఇచ్చేది, చూరు నీటిని మోసుకుపోయేది, గోడలోని చెమ్మను ఆరబెట్టేది, పెరటికి దారి చూపేది ఆ సందే. కొత్త గది వచ్చి దాని స్థానాన్ని ఆక్రమించినప్పుడు, సందు ఇంతకాలం చేసిన ఈ పనులన్నింటినీ ఎవరో ఒకరు చేయవలసి ఉంటుంది. ఆ ఏర్పాటు చేయకుండా కట్టిన గది కొత్తగా ఉన్నంతకాలం ముచ్చటగా ఉంటుంది. రెండు మూడు వానాకాలాలు గడిచేసరికి పాత ఇంటి గోడ ఉబ్బి, దూలం చివర మెత్తబడి, నట్టిల్లు చీకటి కొట్టుగా మారుతుంది.

ముందుగా ఇంటిని చదవాలి

గీత గీయడానికి ముందు ఇంటిని నాలుగు వైపులా కొలిచి, ఒక కాగితం మీద ఈ విషయాలు వ్రాసుకొనవలెను. సందులోకి తెరచుకొనే కిటికీలు ఎన్ని, అవి ఏ గదులవి? పైకప్పు వాలులో ఏ భాగం నీరు సందులోకి పడుతున్నది? సందు వైపు గోడ మీద దూలాలు ఎక్కడెక్కడ మోపి ఉన్నాయి? మండువాలో పడిన నీటిని బయటకు పంపే తూము ఈ సందు గుండానే పోతున్నదా? నుయ్యి, మరుగుదొడ్డి గుంత, కాలువ ఎక్కడ ఉన్నాయి?

మండువా ఇళ్లలో తూము చాలాసార్లు నేల క్రిందుగా సందులోకి, అక్కడినుండి వీధి కాలువలోకి పోతుంది. పునాది తవ్వేటప్పుడు ఇది తెగిపోయి, దాని మీద కాంక్రీటు పడితే, మొదటి పెద్ద వానకు మండువా చెరువవుతుంది. కనుక ఒక బిందెడు పసుపునీరు మండువాలో పోసి, అది ఎక్కడ బయటకు వస్తున్నదో చూచుకొనడం చిన్న పని అయినా మేలైన పరీక్ష.

నేల స్వభావం, పునాది

డెల్టా నేల అంతటా ఒకటే కాదు. లంకలకు, నదీ గట్టుకు దగ్గరగా ఇసుక పాలు ఎక్కువ. లోపలి గ్రామాలలో నల్లరేగడి ఎక్కువ. రేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకొని నెర్రెలు విచ్చుతుంది. పాత ఇల్లు ఆ కదలికకు దశాబ్దాలుగా అలవాటుపడి, కుదురుకొని ఉన్నది. దాని ప్రక్కన లేచే కొత్త గోడ మాత్రం తన బరువుకు తాను ఇక ముందు క్రుంగవలసి ఉన్నది. ఒకటి కదలక, ఇంకొకటి కదులుతూ ఉన్నప్పుడు రెండింటినీ కలిపి కట్టివేస్తే, కలిపిన చోటనే నిలువునా పగులు వస్తుంది. ఇది మేస్త్రీ పనితనంలోని లోపం కాదు. రెండు వేర్వేరు కట్టడాలను ఒకటిగా భావించడంలోని లోపం.

కాబట్టి కొత్త గది తన పునాది మీద, తన స్తంభాల మీద తాను నిలవాలి. పాత గోడకూ కొత్త గోడకూ నడుమ సుమారు ఒక అంగుళం సందు విడిచి, దానిని మెత్తగా సాగే పదార్థంతో నింపి, పైన నీరు దిగకుండా రేకుతో కప్పవలెను. కొత్త దూలాన్ని పాత గోడలో గుచ్చి ఒక వైపు స్తంభాల ఖర్చు మిగుల్చుకొందామనే సలహాను అంగీకరించకపోవడమే క్షేమం.

రేగడి నేలలో తేమ మార్పు ప్రభావం సాధారణంగా సుమారు 3.5 మీటర్ల లోతు వరకు ఉంటుంది. అందువలన అటువంటి చోట్ల అడుగున ఉబ్బెత్తు గల అండర్ రీమ్డ్ పైల్ పునాదులను ఇంజినీర్లు సూచిస్తారు. రూర్కీలోని కేంద్రీయ భవన పరిశోధనా సంస్థ అభివృద్ధి చేసిన ఈ పద్ధతికి పాత గోడ ప్రక్కన మరొక సౌకర్యం కూడా ఉన్నది. దీనికి పొడవైన కందకం తవ్వనక్కరలేదు. మామూలు పునాదే వేయవలసి వస్తే, పాత పునాది అడుగు కంటే లోతుగా గోడ పొడవునా ఒకేసారి తవ్వరాదు. నాలుగైదు అడుగుల ముక్కలుగా, ఒకటి విడిచి ఒకటి తవ్వి, నింపుకొంటూ పోవాలి.

ఎప్పుడు తవ్వాలన్నది కూడా ముఖ్యమే. 1847లో ఆరంభమై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట వలన డెల్టా అంతటా కాలువలు పారి, భూమిలో నీటిమట్టం పైకి వచ్చింది. కాలువలు నిండుగా ఉన్న రోజులలో మూడు నాలుగు అడుగులు తవ్వితే చాలాచోట్ల నీరు ఊరుతుంది. వేసవిలో మరమ్మతుల కొరకు కాలువలు కట్టివేసినప్పుడు ఆ మట్టం దిగుతుంది. గృహారంభానికి పెద్దలు శుభమని చెప్పే వైశాఖ మాసం ఆ రోజులలోనే వస్తుంది. అయితే ఆ ఎండలకు కాంక్రీటు త్వరగా ఆరిపోతుంది గనుక, గోనెసంచులు కప్పి 10 నుండి 14 రోజులపాటు తడుపుతూ ఉండవలెను. కాలువలో నీరు లేని కాలంలో ఆ తడుపుకు కావలసిన నీరు ఎక్కడిదో ముందే చూచుకొనాలి.

పాత గోడ ఊపిరి

ఈ ఇళ్ల గోడలు ఇటుకతో, గానుగ సున్నంతోగాని మట్టితోగాని కట్టినవి. అడుగున్నర, రెండడుగుల మందం ఉన్నవీ ఉన్నాయి. వాటి పునాదులలో చెమ్మను ఆపే కాంక్రీటు పట్టీ సాధారణంగా ఉండదు. నేల నుండి పైకి ప్రాకిన తేమ సున్నపు పూత గుండా ఆరిపోయేది. ఆ పద్ధతిలోనే గోడ ఇంతకాలం నిలిచింది. దాని మీద సిమెంటు పూత పూసి, పలకలు అతికిస్తే తేమ బయటకు పోలేక ఇంకా పైకి ప్రాకుతుంది. గోడకు తెల్లని ఉప్పు తేలడం, పూత పెచ్చులూడడం, చివరకు గోడపై మోపిన టేకు దూలం కొస పుచ్చిపోవడం ఒకదాని వెంట ఒకటిగా జరుగుతాయి. కొత్త గదిలోకి కనిపించే పాత గోడ భాగానికి సున్నపు పూత, సున్నపు వెల్లయే వేయించాలి.

పాత ఇంటి నుండి కొత్త గదికి ద్వారం పెట్టేటప్పుడు, ఉన్న కిటికీనే క్రిందికి కోసి ద్వారంగా మార్చుకొనడం ఉత్తమం. కిటికీ పైన బరువును మోసే ఏర్పాటు అప్పటికే ఉన్నది గనుక గోడకు శ్రమ ఉండదు. కొత్త చోట ద్వారం తప్పనిసరి అయితే, పైనున్న వాసాలకు ఊతకర్రలు పెట్టి, గోడ మందంలో సగం చొప్పున రెండు విడతలుగా లింటెల్ దించి, అది గట్టిపడిన తరువాతనే క్రింది ఇటుకలు తీయించాలి.

కప్పు, చూరు నీరు

ప్రక్క గదుల విషయంలో ఇబ్బందులు ఎక్కువగా వచ్చేది ఇక్కడే. ఒక లెక్క చూద్దాం. సందు వైపు పైకప్పు 40 అడుగుల పొడవు, 14 అడుగుల వాలు ఉన్నదనుకొంటే అది 560 చదరపు అడుగులు, అనగా సుమారు 52 చదరపు మీటర్లు. తుఫాను వేళ గంటలో 50 మిల్లీమీటర్ల వాన కురిస్తే, ఆ ఒక్క వాలు నుండి గంటకు 2,600 లీటర్ల నీరు చూరు మీదుగా సందులోకి దిగుతుంది. 1996 నవంబరు 6న కోనసీమను తాకిన తుఫానును ఎరిగినవారికి ఈ లెక్క అతిశయోక్తిగా తోచదు.

పాత ఇళ్ల చూరు సాధారణంగా తక్కువ ఎత్తులో ఉంటుంది. కొత్త గది స్లాబు పది అడుగుల ఎత్తున వేస్తే అది చూరును మించుతుంది. అప్పుడు పెంకుల మీది నీరంతా కొత్త గోడను ఢీకొని, రెండింటి నడుమ నిలుస్తుంది. స్లాబుకు బదులు పాత వాలునే ముందుకు సాగదీద్దామంటే, గది చివరకు వచ్చేసరికి కప్పు తలకు తగిలేంత క్రిందికి దిగుతుంది. కాబట్టి సాధ్యమయ్యే మార్గాలు రెండే.

మొదటిది, చూరును గోడ వరకు కత్తిరించి, పాత కప్పుకూ కొత్త గోడకూ నడుమ జింకు రేకుతో వెడల్పైన కాలువ ఏర్పరచడం. ఆ కాలువ కనీసం ఒక అడుగు వెడల్పు ఉండాలి. మనిషి అడుగుపెట్టి ఆకులు, చెత్త తీయగలగాలి. రేకు అంచు పెంకుల క్రిందుగా పైకి చొచ్చుకొని పోవాలి. నీరు దిగడానికి ఒకటికి బదులు రెండు గొట్టాలు ఉండాలి. ఒకటి మూసుకుపోయిన రాత్రి రెండవది ఇంటిని కాపాడుతుంది. ఇది చేసినవారు ఏటా మృగశిర కార్తెకు ముందు కాలువను శుభ్రం చేయించడం మరువరాదు.

రెండవది, కొత్త గదిని పాత గోడకు మూడు నాలుగు అడుగుల దూరంలో కట్టి, ఒక్క చిన్న నడవతో కలపడం. అప్పుడు చూరు నీరు ఎప్పటివలెనే నేలకు పడుతుంది, కిటికీలు తెరచుకొంటాయి, గోడ ఆరుతుంది. పూర్వులు ఇంటి నడుమ మండువా విడిచిన ఆలోచనే ఇది. సందు వెడల్పు 18 అడుగులకు మించినవారికి ఇంతకంటే మేలైన పద్ధతి లేదు.

ఒక నమూనా

సందు 14 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవు ఉన్నదనుకొందాం. హద్దు వైపు ఒక మీటరు, రెండు గోడల మందం ఒకటిన్నర అడుగు పోగా, గది లోపలి వెడల్పు సుమారు 9¼ అడుగులు వస్తుంది. మొత్తం 40 అడుగులనూ నింపాలనే కోరిక సహజం. కాని అలా చేస్తే నట్టిల్లు, వంటిల్లు రెండూ వెలుతురు కోల్పోతాయి.

సావిడికి వీధి వైపు కూడా వెలుతురు ఉన్నది గనుక, అది ప్రక్క కిటికీని వదులుకొనగలదు. అందువలన వీధి వైపు 5 అడుగులు విడిచి, తరువాతి 22 అడుగులలో 13 అడుగుల పడకగది, 6 అడుగుల స్నానాల గది అమర్చి, వెనుక 13 అడుగులను తెరచి ఉంచితే, నట్టింటి కిటికీ, వంటింటి కిటికీ రెండూ ఆ ఖాళీలోకి తెరచుకొంటాయి. సావిడి కిటికీయే కొత్త గదికి ద్వారమవుతుంది. పెద్దలు వీధి అరుగుకు దగ్గరగా, నలుగురి పలకరింపుకు అందుబాటులో ఉంటారు. ఈ గది వైశాల్యం సుమారు 120 చదరపు అడుగులు. తేమ, వేడి కలిసిన ప్రాంతాలలో గది వైశాల్యంలో ఆరవ వంతు కిటికీలు ఉండాలన్నది భవన నిర్మాణ నియమాలలోని కొలమానం. అనగా 20 చదరపు అడుగుల కిటికీలు కావాలి. నాలుగడుగులకు అయిదడుగుల కిటికీ ఒకటి, లేదా చిన్నవి రెండు.

పెద్దల కొరకే కడుతున్నప్పుడు పాత ఇంటి నేల, కొత్త గది నేల, స్నానాల గది నేల ఒకే మట్టంలో ఉండేటట్లు చూడాలి. ద్వారం 3 అడుగుల వెడల్పు ఉంటే చక్రాల కుర్చీ పోగలదు. గోడలో పట్టుకొనే కడ్డీలకు ముందే ఆధారం ఉంచాలి. అయితే వరద ముంపు గల గ్రామాలలో 1986 ఆగస్టు నాటి గోదావరి నీటిమట్టం గుర్తును ఇంట పెద్దలను అడిగి తెలుసుకొనడం అవసరం. కొత్త మరుగుదొడ్డి గుంత నూతికి వీలైనంత దూరంగా ఉండాలి. నీటిమట్టం పైకి ఉన్న ఈ నేలలో ఆ జాగ్రత్త మరీ ముఖ్యం.

వాస్తు

ప్రక్కకు ఇల్లు పెంచేటప్పుడు దిక్కుల ప్రశ్న తప్పక వస్తుంది. తూర్పు, ఉత్తరాలకు పెరుగుదల మంచిదని, దక్షిణ, పడమరలకు పెంచేటప్పుడు ఎదుటి దిక్కుల ఖాళీని గమనించాలని, ఏ మూల తెగరాదని వాస్తు పండితులు చెబుతారు. సందులో కొంత భాగమే కట్టినప్పుడు ఇంటి ఆకారం మారుతుంది కనుక, పండితుని, ఇంజినీరును ఒకే రోజున, ఒకే కాగితం ముందు కూర్చోబెట్టడం మంచిది. కాగితం మీద గోడ జరపడానికి ఖర్చు లేదు. కట్టిన తరువాత ఒకరి మాటపై ఇంకొకరి గోడ పడగొట్టడం ఉభయనష్టం. ఇంటి నడిమి స్థానాన్ని బరువు లేకుండా ఉంచాలని చెప్పే శాస్త్రం మండువాను సమర్థించేదే. గది పెరిగింది కదా అని మండువాపై స్లాబు వేసి మూసివేయరాదు. ప్రక్క గాలి తగ్గిన ఇంటికి మండువా మునుపటికంటే ఎక్కువ అవసరం.

హక్కులు, అనుమతులు

సందు నిజంగా మనదేనా అన్నది మొదటి ప్రశ్న. పంపకాల దస్తావేజులోని హద్దులు, కొలతలు ఈనాటి కొలతలతో సరిచూడాలి. కొన్ని సందులు ఇద్దరికీ ఉమ్మడి, కొన్ని ఒకరివైనా ఇంకొకరికి రాకపోకల హక్కు కలవి. మద్రాసు రాజధానికి మొదటినుండి వర్తించిన 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ప్రకారం, ఒక ఇంటి కిటికీ ద్వారా 20 సంవత్సరాలు శాంతియుతంగా, నిరాటంకంగా, హక్కుగా వెలుతురు, గాలి అనుభవిస్తే ఆ అనుభవం హక్కుగా స్థిరపడగలదు. కనుక మన గోడ పొరుగింటి పాత కిటికీకి అడ్డమవుతున్నదేమో చూడాలి. ఉమ్మడి గోడ విషయంలో ఒకరి ఇష్టంతో మాత్రమే దూలం మోపడం, ఎత్తు పెంచడం తగదు. పొరుగువారికి నమూనా చూపి, అంగీకారాన్ని వ్రాతపూర్వకంగా తీసుకొనడం చట్టానికీ మంచిది, తరతరాల స్నేహానికీ మంచిది. అన్నదమ్ముల ఉమ్మడి ఆస్తి అయితే, దూరదేశంలో ఉన్నవారి సమ్మతి కూడా పని మొదలుకాక ముందే రావాలి.

పట్టణాలలో ఆంధ్రప్రదేశ్ భవన నిర్మాణ నియమావళి, 2017, దాని సవరణలు వర్తిస్తాయి. ఎన్ని అడుగులు విడువవలెనన్నది స్థల వైశాల్యం, వీధి వెడల్పు, కట్టడం ఎత్తులను బట్టి మారుతుంది గనుక, పై నమూనాలోని ఒక మీటరును అందరికీ వర్తించే అంకెగా తీసుకొనరాదు. గ్రామాలలో పంచాయతీ కార్యాలయంలో విచారించాలి. గ్రామకంఠంలోని ఇళ్లకు పాత పత్రాలు లేకపోవడం తరచుగా ఎదురయ్యే చిక్కు. పన్ను రసీదులు, విద్యుత్ రసీదులు భద్రపరచుకొనాలి. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగినందున, పాత దస్తావేజులో తూర్పుగోదావరి అని ఉన్న ఇల్లు నేడు కోనసీమ లేదా కాకినాడ జిల్లాలో ఉండవచ్చు. దరఖాస్తులో నేటి పేరు, పాత పేరు రెండూ వ్రాయడం వలన జాప్యం తగ్గుతుంది.

పని వరుస

మొదట దస్తావేజు, తరువాత కొలతలు, తరువాత పొరుగువారితో మాట, ఆపైన ఇంజినీరు నమూనా, అనుమతి, అటు పిమ్మట ముహూర్తం. ముహూర్తం ముందు పెట్టుకొని మిగిలినవన్నీ దాని వెంట పరుగెత్తించడం వల్లనే పొరపాట్లు జరుగుతాయి. పైన ఇంకొక అంతస్తు ఎప్పటికైనా వేసే ఆలోచన ఉంటే, ఆ సంగతి పునాదికి ముందే ఇంజినీరుకు చెప్పాలి. పాత గోడ తెరచినప్పుడు బయటపడే పుచ్చు దూలాలు, విరిగిన తూములు ఎవరి అంచనాలోను ఉండవు గనుక, అనుకొన్న సొమ్ములో పదింట రెండు వంతులు వేరుగా ఉంచుకొనవలెను. పనికి ముందు పాత గోడల పగుళ్లను తేదీతో సహా ఫొటోలు తీసి ఉంచితే, ఆ తరువాత ఏది పాతదో ఏది కొత్తదో తెలుస్తుంది. పునాది తవ్విన నాటి నుండి ఆ పగుళ్లను వారానికొకసారి చూచుకొంటూ ఉండాలి. ఏ పగులైనా వెడల్పయినట్లు కనిపిస్తే ఆ రోజే పని ఆపించి, ఇంజినీరుకు కబురు చేయవలెను.